మోకాలెత్తున తెల్లరాయి

ఇప్పటిదాకా వచ్చిన దారి ఇది. ఫుజైరా వెనకాల హజర్ కొండల్లో ఒక రాతి క్వారీ. అందులో పదకొండేళ్ళుగా బండలు కొడుతున్న పల్లపు రాజలింగం జగిత్యాల వైపు మనిషి. క్వారీకి పైన, కొండ భుజం మీద, నాలుగు పాడుబడ్డ రాతి ఇళ్ళున్నాయి. అవి ఎవరివో ఎవరికీ తెలియదు. ఎగువ వాగు తెగవాళ్ళు మావంటారు. దిగువ వాగు తెగవాళ్ళు మావంటారు. క్వారీ ఆఫీసు ఫైల్లో మాత్రం వాటి పేరు ‘పాత మేకల దొడ్లు’. పడ్డ రాయిని పడ్డట్టు చూడలేని అలవాటుతో రాజలింగం అయిదు నెలల ఆదివారాలు, ఎవరికీ చెప్పకుండా, మూడు ఇళ్ళ వాకిలి గోడలు లేపాడు. తండ్రి నేర్పిన పద్ధతిలో ఒక్కో వాకిలికి ఎడమ పక్కన మోకాలెత్తున ఒక తెల్లరాయి కూర్చాడు. కిందటివారం దిగువ తెగ ముసలాయన సయీద్ ఆ తెల్లరాయిని తడిమి ఏడ్చాడు. తన చిన్నప్పుడు నీళ్ళ కుండతో వచ్చిన తల్లి ఆ రాయిని ముట్టుకునే లోపలికి వెళ్ళేదట. ఆ రాయి అక్కడికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు.

శుక్రవారం నమాజు వేళకి క్రషర్ ఆగింది. ఆగిన తర్వాత కూడా కాసేపు చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ హోరు పూర్తిగా దిగకముందే రాజలింగానికి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

ఆఫీసంటే తెల్ల రేకుల డబ్బా. లోపల చలి. టేబుల్ వెనక వీరవెంకటసత్యనారాయణ కూర్చున్నాడు. ఐడీ కార్డు మీద పేరు రెండు వరసలకి దిగిన మనిషి. క్యాంపులో అందరూ వీవీ సారంటారు. అమలాపురం దగ్గరివాడు. కూలీల వీసాలు, సెలవులు, ఆసుపత్రి కాగితాలు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి.

“కూర్చోవయ్యా రాజలింగం. టీ తాగుతావా?”

“వద్దు సార్.”

“ఆయ్, తాగవయ్యా. టీ వద్దనేవోడితోటి మాట్టాడ్డం నాకు మహా కష్టం.”

రాజలింగం నిలబడే ఉన్నాడు. ఒంటి మీది దుమ్ము ఆ కుర్చీకి అంటుకుంటుందని ఎప్పుడూ అలాగే నిలబడతాడు. సత్యనారాయణ ఫోన్ తీసి టేబుల్ మీద అతని వైపు తిప్పాడు. తెరమీద రాజలింగం తన వీపు చూశాడు. వంగిన వీపు. రెండు చేతుల్లో తెల్లరాయి. గోడ సందులో దాన్ని అటూ ఇటూ తిప్పి కూర్చుతున్నాడు. కింద అక్షరాలు: ‘మా కాక దుబాయ్‌ల సొంతిల్లు కడుతుండు’. భూమేశ్ వాట్సాప్ స్టేటస్. నాలుగు నెలల కిందటిది.

“అప్పుడు నేనూ నవ్వుకున్నాన్లే,” అన్నాడు సత్యనారాయణ. “ఇరవయ్యేళ్ళు ఇక్కడ చేసీ ఊళ్ళో గోడ లేపలేనోళ్ళని చూశాను గాని, కొండెక్కి ఎవళ్ళదో ఇల్లు లేపేవోణ్ణి నిన్నే చూశాను. పోన్లే పిచ్చిమారాజు అనుకుని దాచాను. దాచడం మంచిదయ్యింది.”

“పడ్డ రాళ్ళు సార్. ఎత్తి వెట్టిన, అంతే.”

“అంతేనా? ఆ ముసలాయన ఏడుపు ఎక్కడిదాకా వెళ్ళిందో తెలుసా నీకు? రేపు పొద్దున పాత కట్టడాల కమిటీ వస్తంది. ముగ్గురు. ఇళ్ళు ఫలానా తెగవని వాళ్ళు రాశారంటే కొండ ఆ పక్క మనం ముట్టుకోడానికి ఉండదు. ఎవళ్ళవో తెలీదని రాస్తే మనదే. రెండు తెగల మాటలూ ఒకదానికొకటి పొసగటం లేదు. ఇప్పుడా తెల్లరాయి ఒక్కటే దిగువోళ్ళ పక్షాన సాక్ష్యం. మూడిళ్ళకీ ఒకేచోట ఉందంట, తెగ గుర్తంట. గుర్తు ఎవరిదయ్యా?”

రాజలింగం తెరమీది తన వీపునే చూస్తున్నాడు.

“అంచేత రేపు నువ్వు పైకొచ్చి, ఆ రాయి నేను పెట్టానండీ అని చెప్పాలి. నిజమేగా చెప్పమంటన్నాను. అబద్ధం ఆడమంటే నువ్వు బాధపడాలి గాని, నిజం చెప్పడానికి ఏంటి బాధ?”

అబద్ధం చెప్పమని ఒత్తిడి చేస్తారని రాజలింగం వారం రోజులుగా అనుకుంటున్నాడు. దానికి సిద్ధపడ్డాడు. ఎంత బెదిరించినా చెప్పనని లోపల ఒక మనిషిని నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఎదురుగా వచ్చింది నిజం. ఆ లోపలి మనిషి నేర్చుకున్న మాటలేవీ దానికి సరిపోవడం లేదు.

“చెప్పకుంటే?”

“నేను ఈ ఫోన్ తీస్తాను. అప్పుడు నువ్వు దొంగచాటుగా కట్టినోడివి. నీ అంతట నువ్వే చెబితే తెలీక కట్టినోడివి. ఆ రెంటికీ తేడా నీ వీసా అంత.” టీ కప్పు ముందుకు జరిపాడు. “తాగు. చల్లారిపోతంది.”

రాజలింగం టీ తాగాడు. తాగుతున్నప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాడు. పడ్డచోట దొరికిన రాళ్ళే, వాటిచోట అవే పెట్టానంటాను. తెల్లరాళ్ళూ అక్కడే, వాకిలి ముందర కుప్పలో దొరికాయంటాను. వీడియోలో రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో లేదు కదా. నిజానికి మూడూ వాగులోంచి భుజం మీద మోసుకొచ్చినవి. ఆ ఒక్క మాట దాస్తే చాలు.

ఎందుకు దాయాలనుకున్నాడో తనకే స్పష్టంగా తెలియదు. అతని తండ్రి నర్సయ్య ఎక్కడ బండ దొరికితే అక్కడ గుడారం వేసిన మనిషి. మీదేవూరని బడిపంతులు అడిగితే, అప్పుడు పని చేస్తున్న గుట్ట వైపు చూసి, దాని కింద ఏ ఊరుంటే ఆ పేరు చెప్పేవాడు. నలుగురు పిల్లలకి నాలుగు సొంతూళ్ళు. రాజలింగం పాస్‌పోర్టులో పుట్టిన ఊరని ఉన్నదాన్ని అతను పుట్టాక మళ్ళీ చూడలేదు. అందుకేనేమో, ఆ నాలుగు ఇళ్ళూ ఎవరివన్న ప్రశ్న మిగతావాళ్ళని కుదిపినట్టు అతన్ని కుదపలేదు. ఎవరివో తెలియకపోవడం అతనికి అలవాటైన స్థితి. తెలియనివాటి పక్కన కూర్చుంటే ఒంటరిగా ఉండదు, అంతే.

గదికి వచ్చేసరికి భూమేశ్ ఉల్లిగడ్డ కోస్తున్నాడు. డ్రిల్లింగ్ బండి నడిపే కుర్రవాడు, ముప్పై దాటలేదు. రాజలింగాన్ని చూసి కత్తి ఆపాడు.

“వీవీ సార్ పిలిచిండట గదా కాకా. నా స్టేటసే గదా?”

“ఆఁ.”

“నవ్వులాటకు వెట్టిన కాకా. నా మీద ఒట్టు.”

“నవ్విన్రు గదా. అయిపాయె.”

భూమేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డ ఘాటని అన్నాడు.

*

శనివారం పొద్దున ఎనిమిదింటికే ఎండ రాళ్ళ మీద పరుచుకుంది. కమిటీ ముగ్గురూ బండి దిగి కొండ ఎక్కారు. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు మనిషి, నెమ్మదస్తుడు. ఏదైనా ముట్టుకునే ముందు చేతులు తుడుచుకునేవాడు. ఎగువ తెగ తరఫున ఒక నడివయసు మనిషి వచ్చాడు. దిగువ తెగ సయీద్‌ని ఇద్దరు కొడుకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆయన మోకాళ్ళు పనిచెయ్యవు, కళ్ళు సగమే కనిపిస్తాయి. ఒకప్పుడు దుబాయ్‌లోని డేరా బజారుకి బొగ్గు, తేనె లారీలో తోలిన మనిషి. అక్కడి దుకాణాల్లో నేర్చిన హిందీ ఇంకా పోలేదు.

కుర్చీని మొదటి ఇంటి వాకిలి పక్కన దించారు. సయీద్ చెయ్యి చాచాడు. కొడుకు ఆ చేతిని తెల్లరాయి మీద పెట్టాడు.

ముసలి చెయ్యి రాయి మీద చాలాసేపు తిరిగింది. రాజలింగం ఆ చేతినే చూస్తున్నాడు. బండని పగలగొట్టే ముందు దాని పొర ఎటుందో వెతికే చెయ్యి అలా తిరుగుతుంది. అది ప్రేమతో నిమరడం కాదు, వెతకడం.

“ఖుర్దురా హో గయా,” అన్నాడు సయీద్. గరుకెక్కిందట. మళ్ళీ, తనతో తనే అన్నట్టు, “ఔర్ నీచే థా. మై ఛోటా థా నా... ఫిర్ భీ నీచే థా.” ఇంకా కిందుండేది, చిన్నవాణ్ణయినా నాకు కిందే ఉండేది అని.

ఆ చెయ్యి రాయి మీంచి జారి గోడ వెంట కిందికి, నేల దాకా వెళ్ళింది. మట్టిని తాకి ఆగిపోయింది. కొడుకు దాన్ని తీసి ఒళ్ళో పెట్టాడు. కమిటీ పెద్దాయన చిరునవ్వు నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. చిన్నప్పుడు చూసినవి పెద్దయ్యాక చోటు మారతాయి కదా అన్నట్టుంది ఆ నవ్వు.

రాజలింగం కూడా అలాగే అనుకున్నాడు. నేను పెట్టిన రాయి ఈయన తలలోకి వెళ్ళి, అక్కడ ఒక తల్లిని నిలబెట్టింది అనుకున్నాడు. మనిషికి కావలసినప్పుడు జ్ఞాపకం ఎంత త్వరగా ఇల్లు కట్టుకుంటుందో చూస్తే భయం వేసింది. ఆ భయంలో కొంచెం జాలి, కొంచెం పెద్దరికం. ఒక ముసలివాడి బాల్యం తన చేతిలోంచి వచ్చిందన్న పెద్దరికం.

పెద్దాయన గోడ మూలకి వెళ్ళాడు. పొడవు రాయి, పొట్టి రాయి, ఒకటి విడిచి ఒకటి పేర్చిన మూల. బురద లేదు, సిమెంటు లేదు. సందుల్లో బిగించిన చిన్న రాతి ముక్కలు, చీపులు మాత్రం, కదలకుండా. ఆయన అరచేతితో గోడని తోసి చూశాడు. ఒక చీపుని లాగి చూశాడు, రాలేదు. వెనక్కి జరిగి, మిగతా ఇద్దరినీ పిలిచి ఇంగ్లిష్‌లో చాలాసేపు మాట్లాడాడు. ఆయన కళ్ళలో వెలుగు రాజలింగానికి కనపడింది.

సత్యనారాయణ పక్కకి వంగి గొణిగాడు. “ఏటంటన్నాడో తెలుసా? రెండొందలేళ్ళు, మూడొందలేళ్ళంట నీ గోడకి. ఇంత మూల కట్టేవోళ్ళు ఇప్పుడు పుట్టరంట. కట్టినోడెవడో గాని పేరు తెలీకుండా పోయాడు పాపం, అంటన్నాడు.”

నవ్వుతూనే అన్నాడు.

రాజలింగం మెడ వెనక ఏదో వేడిగా పాకింది. బడి గోడలు, బావులు, కాలవ గట్లు, ఎవరెవరివో ప్రహరీలు కట్టాడు. కట్టినవాడి మొహం చూసి ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. తండ్రి చచ్చిపోయేముందు తన చేతులు తనే చూసుకుంటూ పడుకున్నాడు. ఇక్కడ ఒక చదువుకున్న మనిషి, కొండ మీద నిలబడి, ఈ చేతుల గురించే మాట్లాడుతున్నాడు. ఈ చేతులు చచ్చిపోయి మూడొందల ఏళ్ళయిందని మాట్లాడుతున్నాడు.

“నేనే కట్టిన,” అన్నాడు రాజలింగం.

తెలుగులో అన్నాడు. సత్యనారాయణకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. అందరూ అటు తిరిగారు. సత్యనారాయణ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. చెప్పమన్నది తానే అయినా, వెంటనే అనువాదం చెయ్యలేదు. ఒక్క ఊపిరి పట్టేంతసేపు రాజలింగం కళ్ళలోకి చూశాడు. వెనక్కి తీసుకోవాలంటే తీసుకో అన్నట్టు కూడా ఉంది ఆ చూపు.

అప్పుడైనా ఊరుకోవచ్చు. దాయవలసిన మాట దాచవచ్చు. రాజలింగం ఆగలేదు. అందరికీ తెలియాలని, ఈసారి హిందీలో, గట్టిగా అన్నాడు.

“మైనే బనాయా సాబ్. యే తీనోఁ దీవార్ మైనే బనాయా.”

పెద్దాయన నమ్మలేదు. కూలివాడి గొప్ప అనుకున్నాడు. అది రాజలింగాన్ని ఇంకా కుట్టింది. మూల దగ్గరికి వెళ్ళి, కిందినుంచి మూడో వరసలో ఒక చీపుని బొటనవేలితో పక్కకి నొక్కి లాగాడు. వచ్చింది. దాని వెనక నుంచి పసుపుపచ్చ తీగ కొస బయటపడింది. క్వారీలో పేలుడుకి వాడే తీగ. వరస సరిచూసుకోవడానికి దారంలా కట్టి, కొస లోపలే వదిలేశాడు. లాగుతూ ఉంటే గోడలోంచి మూర, రెండు మూరలు వచ్చింది.

 పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎగువ తెగ మనిషి ఒక్కడే “ఖలాస్” అని, తిరిగి చూడకుండా దిగిపోయాడు.

“యే పత్థర్ భీ?” ఈ రాయి కూడానా అని అడిగాడు సయీద్.

రాజలింగం ఆయన మొహం చూడలేదు. “జీ బాబా. వాగుల కెల్లి తెచ్చిన... వాదీ సే లాయా.”

సయీద్ చెయ్యి ఒళ్ళోంచి లేచింది. అరచేతిని తెల్లని పొడుగు అంగీ, కందూరా మీద ఒకసారి, రెండుసార్లు తుడుచుకున్నాడు. కోపం లేదు. తలుపు దగ్గర నిలబడి దారి అడిగే మనిషి గొంతుతో, తెలిసినవాడు చెప్తాడన్న నమ్మకంతో అడిగాడు.

“తో మేరీ మా హాథ్ కహాఁ రఖ్తీ థీ?”

మరి మా అమ్మ చెయ్యి ఎక్కడ పెట్టేది?

 కొడుకులు కుర్చీ ఎత్తారు.

కమిటీ అక్కడే, బండ మీద కాగితం పెట్టుకుని రాసింది. ఈ మధ్య జరిగిన కట్టుబడి వల్ల కట్టడాల కాలం గానీ, తెగ గానీ నిర్ణయించడం సాధ్యం కాదు. కొత్తగా కట్టిన భాగం కట్టినవాడే తొలగించాలి, ఫోటోలు ఫైలుకి జతచెయ్యాలి. ఆ తర్వాత క్వారీ పనికి అభ్యంతరం లేదు. సత్యనారాయణ సంతకం పెట్టాడు. దిగుతున్నప్పుడు రాజలింగం పక్కన నడిచాడు.

“నేను ఫోన్ తియ్యక్కర్లేకుండానే కానిచ్చేశావు. భయపడి చెప్పావనుకోలేనయ్యా, భయపడ్డోడు రెండోసారి అరవడు.” రెండడుగులు వేసి, “ఎందుకు చెప్పావు?”

“నిజం గదా సార్.”

అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

*

ఆదివారం. ఇన్నాళ్ళూ లేపిన రోజునే విప్పుతున్నాడు. భూమేశ్ ఫోటోల కోసం వచ్చాడు. ఒక వరస తీయగానే ఒక ఫోటో.

పైనుంచి కిందికి, కట్టిన వరసకి ఎదురు వరసలో. ప్రతి రాయీ గుర్తుంది. ఇది రెండు ఆదివారాలు వెతికితే దొరికింది. ఇది కూర్చోనంటే మూడుసార్లు తిప్పాడు. తీసిన రాళ్ళని పక్కన ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు.

“పడగొట్టేటప్పుడు గూడ వరుస వెడుతున్నవ్ ఏంది కాకా?” అన్నాడు భూమేశ్. “ఎవడు సూస్తడు? రేపు పొద్దుగాల బండి ఎక్కించేది నేనే. ఈడ్నే మొదటి బొక్క.”

రాజలింగం చేతులు ఆగి మళ్ళీ కదిలాయి.

“నిన్న అట్ల ఎందుకన్నవ్ కాకా? రాత్రి నుంచి అడుగుదామనుకుంటున్న. లేదు, నాకు తెల్వదు అంటే అయిపోవు గదా.”

“వాడు బాగున్నదన్నడురా.”

“ఎవడు?”

“కళ్ళద్దాలోడు. గోడ బాగున్నదన్నడు.”

భూమేశ్ నవ్వబోయి ఆగాడు.

కింద వాగులో తెల్ల పికప్ ఒకటి పొద్దుటినుంచి ఆగి ఉంది. డ్రైవరు పక్క సీట్లో సయీద్. కొడుకులు లేరు. తలుపు తెరిచి పెట్టుకుని, కళ్ళు సగం కనపడని మనిషి, కొండ వైపు మొహం తిప్పి కూర్చున్నాడు. ఈ రోజు మోసుకొచ్చేవాళ్ళు లేరు. ఊరికే వచ్చాడు.

తను పెట్టిన తెల్లరాయి చేతికి వచ్చింది. దాన్ని పేర్చలేదు. దూరంగా కింద పెట్టాడు. దాని కింద ఇంకో మూడు వరసలు తనవి. ఆ కింద పాత గోడ, నేలలో కూరుకుపోయి. తన ఆఖరి వరసని ఎత్తడానికి వాకిలి లోపలి వైపు నుంచి గడ్డపార దింపాడు.

గడ్డపార జారింది. బండకి తగిలి ఆగవలసినచోట ఆగకుండా మెత్తగా దిగింది. మూరెడు, ఇంకో మూరెడు. రాజలింగం దాని తల పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

ఇది కొండ. ఇక్కడ జానెడు మట్టి కింద బండ ఉండాలి. లేదంటే ఎవరో తవ్వారన్న మాట. నేలలోకి తవ్వి, లోపల మెట్టు దిగేలా ఇల్లు కట్టుకున్నారు. పైన గాలికి, ఎండకి దొరక్కుండా. తర్వాత కొండ వాననీళ్ళు ఏళ్ళ తరబడి మట్టి తెచ్చి ఇంటిని అంచుదాకా నింపాయి. తను నేల అనుకున్నది నేల కాదు. తన మోకాలెత్తు, ఈ ఇంట్లో ఉన్నవాళ్ళకి దాదాపు తలెత్తు.

ఔర్ నీచే థా.

“ఏమైంది కాకా?”

రాజలింగం చేతులతో తోడటం మొదలుపెట్టాడు. భూమేశ్ కూడా ఫోన్ జేబులో పెట్టి కూర్చున్నాడు. మట్టి సన్నగా, పొరలు పొరలుగా, ఎవరూ కదపనట్టు ఉంది. మోచేతుల దాకా దిగాక పాత గోడ లోపలి మొహం బయటపడింది, నల్లరాయి, వరస తప్పని కట్టు. వాకిలికి ఎడమ పక్కన వేళ్ళకి చల్లగా, నున్నగా ఏదో తగిలింది.

తెల్లరాయి.

చుట్టూ నల్లరాళ్ళు నలువైపులా దాన్ని బిగించి ఉన్నాయి. సందుల్లో మట్టి రాయిలా గట్టిపడింది. దాని మధ్యలో అరచేతి మడమ పట్టేంత చిన్న గుంట. ఉలితో చేసింది కాదు. రాజలింగానికి ఉలి దెబ్బ తెలుసు. చెయ్యి ఆనీ ఆనీ, కొన్ని వందల ఏళ్ళో, కొన్ని వందల చేతులో, అరిగిన గుంట. తన చెయ్యి అందులో పెట్టాడు. సరిపోయింది.

తండ్రి దీన్ని గోడ కన్ను అనేవాడు. కన్ను లేని గోడకి వచ్చేవాడెవడో పోయేవాడెవడో తెలియదనేవాడు. అది తన తండ్రి ఒక్కడి పిచ్చి అని రాజలింగం ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఈ కొండ మీద ఇంకెవరికో అదే పిచ్చి ఉంది. ముసలాయన తలలో అబద్ధపు తల్లిని నిలబెట్టానని నిన్న పెద్దరికం పోయాడు. ఆమె ఇక్కడే నిలబడింది. ఇక్కడే కుండ దించింది. తను పెట్టిన రాయి గరుగ్గా ఉందని ముసలాయన చెయ్యి నిన్ననే చెప్పింది, కిందికి వెళ్ళి వెతికింది. ఎవరూ వినలేదు. రాతి పనివాడైన తనూ వినలేదు.

భూమేశ్ గుంటలోకి చూసి, రాజలింగం మొహంలోకి చూశాడు. “ఇది గూడ నువ్వే వెట్టినవా కాకా?”

హేళన కాదు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న రాజలింగం లోపల ఎక్కడో ఒక్క క్షణం నిలబడింది. పెట్టానా? చేతులు తనకి చెప్పకుండా చేసే పనులు ఎన్ని లేవు? వెంటనే తల విదిలించాడు. “లేదురా. దీన్ని తోడింది ఇప్పుడే గదా. నీ కండ్ల ముంగటనే గదా.”

“నా కండ్లు ఎవడు నమ్ముతడే.” భూమేశ్ ఫోన్ తీసి సత్యనారాయణకి కలిపి, స్పీకర్ పెట్టాడు. రాజలింగం చెప్పాడు. అటునుంచి వెనక ఎక్కడో టీవీ మోగుతోంది, తర్వాత అదీ ఆగింది.

“రాజలింగం,” అన్నాడు సత్యనారాయణ నెమ్మదిగా. “నిన్న ముగ్గురి ముందు తీగ లాగి మరీ చూపించావు. తెల్లరాళ్ళు పెట్టేవోడు నువ్వేనని కాగితం మీదకెక్కింది. ఇవాళ ఇంకోటి ఉందంటే నేనే నమ్మను, వాళ్ళేం నమ్ముతారు? రాత్రికి రాత్రి పాతిపెట్టాడంటారు.”

“వచ్చి సూడమనున్రి సార్. అరిగిన గుంత ఉన్నది. చెయ్యి వెడితే తెలుస్తది.”

“ఎవళ్ళొస్తారయ్యా? సంతకాలయిపోయినయ్యి.”  ఈసారి గొంతు తగ్గింది. “నిన్న నేను ఒక్క నిమిషం ఆగాను. నువ్వు చూశావు. నాకు చేతనైంది అంతే. మట్టి కప్పెయ్యి. కప్పేసి ఫోటో తియ్యమను భూమేశ్‌ని.”

ఫోన్ ఆగిపోయింది.

“వీడియో తీద్దామా కాకా?” అన్నాడు భూమేశ్. తనే మళ్ళీ, “ఆ వీడియోతోనే గదా ఖలాస్ అయింది,” అన్నాడు.

కొండ కింద పికప్ తలుపు మూసిన చప్పుడు పైదాకా వచ్చింది. రాజలింగం లేచి చూశాడు. డ్రైవరు బండి చుట్టూ తిరిగి తన సీటు వైపు వస్తున్నాడు, సయీద్ సీట్లోనే ఉన్నాడు. ఎండ ఎక్కుతోంది, వెళ్ళిపోతున్నారు.

ఆయన పైకి రాలేడు. ఫోన్లో చూపిస్తే కళ్ళకి అందదు. చేతికే అందాలి. రాయిని తీసి, భుజాన వేసుకుని, పరిగెత్తితే వాగు మలుపు తిరిగేలోపే బండిని అందుకోవచ్చు. ఒళ్ళో పెట్టవచ్చు. ఆయన చెయ్యి ఆ గుంటలో పడుతుంది. అడిగిన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

కానీ గోడలో బిగిసి ఉన్నంతసేపే అది సాక్ష్యం. తీసిన తర్వాత అది చేతిలో ఉన్న ఒక తెల్లరాయి. రాజలింగం ఎక్కణ్ణుంచో తెచ్చిన నాలుగోది. ఆ ఇళ్ళు ఎవరివో చెప్పగలిగింది ఈ కొండ మీద ఇంకేదీ మిగలదు. తీయకపోతే రేపు పొద్దున భూమేశ్ బండి దాని మీదికి ఎక్కుతుంది. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి చూస్తారన్న ఆశకి ఒక్క పగలు, ఒక్క రాత్రి మిగిలి ఉన్నాయి.

“బండి స్టార్ట్ చేసిన్రు కాకా,” అన్నాడు భూమేశ్.

ఇంజను శబ్దం వాగులోంచి లేచి కొండకి తగిలి తిరిగివచ్చింది. రాజలింగం గుంటలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డపార మొన తెల్లరాయికి, పక్క నల్లరాయికి మధ్య సందులో పెట్టాడు.

బలం ఇంకా వెయ్యలేదు.